పైలట్ సీట్లో బియ్యం బస్తాలు

సొంతంగా విమానాలు కట్టుకునేవాళ్ళ సైటుకి మోడరేటరుగా పనిచేసి రిటైరయ్యానని చెబితే, ఎదుటివాళ్ళు ముందు నా మొహం చూస్తారు, తరవాత నా చేతికర్ర చూస్తారు, ఆపైన "అలాంటి ఉద్యోగం కూడా ఉంటుందాండీ?" అని అడుగుతారు. ఉంటుంది. విజయవాడ వన్ టౌన్‌లో, అల్యూమినియం రేకుల గోడౌనులో, అటక మీద ఉంటుంది. దాన్ని నేను చాలా ఏళ్ళు చేశాను.

నా కుర్చీలోకి ఇప్పుడు ఇద్దరు కొత్తవాళ్ళు వచ్చారు. ఒక్కడి పనికి ఇద్దరు కావలసి వచ్చినందుకు లోలోపల సంతోషించానని దాచుకోను. వాళ్ళ కోసమూ, ఇలాంటి పనిలోకి దిగబోయే ఇతరుల కోసమూ ఇది రాస్తున్నాను. అనుమతులు, లైసెన్సులు, తనిఖీల సంగతి ఇందులో ఉండదు. వాటికి సైటులో వేరే విభాగం ఉంది. ఓపిక ఉన్నవాళ్ళు అక్కడ చదువుకోవచ్చు.

నేనెవరు

మాది దివిసీమలో ఒక జమీ. మా ఇంటిపేరుకి ముందు ఒకప్పుడు "శ్రీ రాజా" అని రాసేవారు. జమీ పోయింది, మేడ పోయింది, పల్లకీ మోసినవాళ్ళ మనవళ్ళు కార్లు కొన్నారు. నేను భవానీపురంలో రెండు గదుల వాటాలో అద్దెకు ఉంటున్నాను. అయితే మా వంశంలో ఎవరికీ నడుము వంగలేదు. ఆటోలో కూడా నేను వెనక్కి ఆనుకోను. డ్రైవర్లు అద్దంలో చూసి, "బాబాయ్, నడుం పట్టేసిందా?" అని అడుగుతారు. పట్టెయ్యలేదు. అది మా కూర్చునే పద్ధతి.

ఇదంతా గొప్ప కోసం రాయడం లేదు. మోడరేటరుకి కావలసిన మొదటి గుణం నిటారుగా కూర్చోవడం. దాన్ని నేను వేరే నేర్చుకోనక్కరలేకపోయింది.

యజమాని

మా యజమాని మస్తాన్‌గారు రేకులు, రివెట్లు, బోల్టుల వ్యాపారి. ఒకరోజు ఆయన షాపుకి ఒక ఫిజిక్సు లెక్చరరు వచ్చి పల్చటి అల్యూమినియం రేకులు కావాలన్నాడట. దేనికండీ అంటే, విమానానికి అన్నాడట. మస్తాన్‌గారు నవ్వలేదు. వ్యాపారి కదా, ఆలోచించారు. ఇలాంటి మనుషులు దేశంలో ఇంకా ఉండే ఉంటారు, అందరినీ ఒకచోట కూర్చోబెడితే రేకులు వాటంతటవే పోతాయి అనుకున్నారు. అలా "సొంత రెక్కలు" సైటు పుట్టింది. జనం వచ్చారు. రేకులు పోయాయి. కానీ ఒకచోట కూర్చోబెడితే జనం పోట్లాడుకుంటారన్న సంగతి ఆయనకి తరవాత తెలిసింది.

నేను మా ఇంటి వసారా మీద వెయ్యడానికి ఒక రేకు కోసం ఆయన షాపుకి వెళ్ళాను. ఆయన కంప్యూటరు ముందు చెమటలు కక్కుతున్నారు. ఎవరో సభ్యుడు "నీ రేకులు అప్పడాల్లా ఉన్నాయి" అని అందరూ చూసేలా రాశాడు. మస్తాన్‌గారు జవాబు టైపు చేస్తున్నారు. అందులో ఆ సభ్యుడి తాతముత్తాతల ప్రస్తావన ఉంది.

"అది తీసెయ్యండి. నేను చెబుతాను, కొట్టండి," అన్నాను.

ఇలా చెప్పాను: "అయ్యా, తమ అభిప్రాయం చేరింది. అప్పడం ఎక్కడైనా విరుగుతుంది. మా రేకు తమరు వంచిన చోట మాత్రమే విరిగినట్టు ఫోటోలో కనిపిస్తోంది. వంచే విద్య ముందుగా అభ్యసించగలరు."

గంట తిరక్కుండా ఆ సభ్యుడు క్షమాపణ చెప్పి, ఇంకో రెండు రేకులకి ఆర్డరు పెట్టాడు.

మస్తాన్‌గారు కుర్చీ వెనక్కి జరిపి నన్ను పైకీ కిందకీ చూశారు. "మీరు తిడితే తిట్టినట్టుండదండీ. శాలువా కప్పి తన్నినట్టుంటది. రేపట్నించి రండి రాజాగారూ."

రాజాగారూ అనడంలో కొంత వేళాకోళం ఉంది. కానీ పిలుపు సరైనదే కాబట్టి నేను అభ్యంతరం చెప్పలేదు.

పని ఏమిటి

మా సభ్యుల్లో కట్టేవాళ్ళు ఉన్నారు, ఎగిరేవాళ్ళు ఉన్నారు. కట్టేవాళ్ళకి కట్టడం పూర్తికాదు కాబట్టి ఎగరరు. ఎగిరేవాళ్ళు ఇంకొకరు కట్టింది కొనుక్కుని, కట్టేవాళ్ళకి సలహాలిస్తారు. ఈ రెండూ కాకుండా, కట్టని, ఎగరని, అన్నీ తెలిసిన సభ్యులున్నారు. హాజరు మాత్రం వాళ్ళదే ఎక్కువ.

వీళ్ళందరి మధ్య మోడరేటరు పని, పెళ్ళిలో మగపెళ్ళివారి విడిదిలో కూర్చునే పెద్దమనిషి పనిలాంటిది. అతను వంట చెయ్యడు, మంత్రాలు చదవడు. కాఫీ చల్లారిందని ఎవరైనా అలిగితే వెళ్ళి పక్కన కూర్చోవాలి. అంతే. కానీ అతను లేకపోతే పెళ్ళి జరగదు.

ఒక వానాకాలమంతా సైటులో నడిచిన గొడవ చెబుతాను. రెక్కల మీద గుడ్డ కప్పే రకం విమానాలుంటాయి. ఆ గుడ్డకి ప్రత్యేకమైన రకం ఉంది. మంగళగిరి సభ్యుడొకాయన ఊరి అభిమానంతో, మంగళగిరి నేత గుడ్డ ఎందుకు వాడకూడదని అడిగాడు. బలం చాలదని ఎగిరేవాళ్ళు ఒక్క ముక్కలో చెప్పారు. అక్కడితో ఆగాలి కదా. ఆగలేదు. జరీ అంచు ఉంటే గాలికి అడ్డమా కాదా అన్న దగ్గరికి వెళ్ళింది. అంచు రెక్క ముందువైపు రావాలా, వెనకవైపు రావాలా అని రెండు వర్గాలయ్యాయి. "అంచు ముందుకి పెడితే విమానం, వెనక్కి పెడితే పేరంటం" అని ఒకడు రాశాడు. ఒక పెద్దాయన అలిగి సైటు విడిచిపోతున్నానని ప్రకటించి, ఎవరైనా బతిమాలతారేమోనని రోజూ వచ్చి చూసుకునేవాడు.

చివరికి నేను ఒక వాక్యం రాసి ఆ చర్చకి తాళం వేశాను: "విమానానికి చీర కట్టదలచినవారు ముందుగా విమానం పూర్తిచేసి రావలెను." ఆ తరవాత ఆ సంగతి ఎవరూ ఎత్తలేదు. వాళ్ళలో ఎవరి విమానమూ పూర్తికాలేదు కదా.

కొత్తవాళ్ళకి నా సలహా: ఎవరు రాసిందీ ఊరికే చెరిపెయ్యకండి. చెరిపితే మనిషి దాన్ని ఇంకా పొడుగ్గా రాస్తాడు. ఇంకొకటి, సభ్యులు పెట్టే ఫోటోల్లో వాళ్ళు చూపించేదాన్ని అందరూ చూస్తారు. మీరు మాత్రం వాళ్ళు చూపించనిదాన్ని చూడండి. ఈ రెండో సలహా వెనక ఉన్న కథే ఈ రాతకి అసలు కారణం.

కాటా ఎక్కడం

మా సైటులో ఒక ఆచారం ఉంది. మొదటిసారి ఎగిరేముందు విమానాన్ని కాటా ఎక్కించాలి. మూడు చక్రాల కింద మూడు కాటాలు పెడతారు. ముందు ఖాళీగా తూస్తారు. తరవాత, ఎగరబోయే మనిషి, ఎగిరేరోజు వేసుకునే బట్టలతో, బూట్లతో సీట్లో కూర్చుంటే మళ్ళీ తూస్తారు. మూడు అంకెలతో లెక్కవేస్తే బరువు ఎక్కడ కేంద్రమైందో తెలుస్తుంది. ఇతర సభ్యులు సాక్షులుగా ఉండాలి. ఫోటో పెట్టాలి. అన్నీ సరిగ్గా ఉంటే మోడరేటరు ఆ విమానం పేరు పక్కన "సిద్ధం" అని గుర్తు పెడతాడు. చట్టంలో ఆ గుర్తుకి ఏ విలువా లేదు. కానీ గుర్తు లేని విమానం దగ్గరికి మా సభ్యులెవరూ వెళ్ళరు, తొయ్యడానికి చెయ్యి కూడా వెయ్యరు.

ఈ ఆచారం ఎలా వచ్చిందంటే, మా సభ్యుడొకాయన విమానం రన్‌వే మీద పరిగెత్తబోతూనే తోక నేలకానించి కూర్చుండిపోయింది. ముక్కు ఆకాశం వైపు చూస్తోంది, లోపల ఆయనా ఆకాశం వైపే చూస్తున్నాడు. కదిలితే ఏమవుతుందోనని అలాగే ఉండిపోయాడు. నేలమీద జరిగింది కాబట్టి నవ్వుకున్నాం. అదే గాలిలో అయితే, తోక బరువెక్కిన విమానం ముక్కు ఎత్తేస్తుంది, మళ్ళీ దించుదామన్నా దిగదు. మనిషి తిరిగిరాడు.

విమానాలు కట్టేవాళ్ళంతా బరువంటే భయపడతారు. ఒక పలుచని బ్రాకెట్‌కి చిల్లులు పొడిచి చిటికెడు లోహం తగ్గించడానికి నెలలు కూర్చుంటారు. ఆ నెలల్లో కూర్చుని కూర్చుని వాళ్ళ బరువు ఎంత పెరిగిందో చూసుకోరు. ఇది వీళ్ళు మాత్రమే చేయగల పొరపాటు.

వీరభద్రం మాస్టారు

మస్తాన్‌గారి షాపుకి మొట్టమొదట విమానం రేకుల కోసం వచ్చిన ఆ ఫిజిక్సు లెక్చరరే వీరభద్రం మాస్టారు. మంగళగిరిలో, ఒకప్పుడు మగ్గాలుండే షెడ్డు అద్దెకు తీసుకుని విమానం కట్టాడు. మా సభ్యుల్లో నిజంగా పూర్తిచేసిన అతికొద్దిమందిలో ఆయన ఒకడు. ఎగరడం కూడా శిక్షణకి వెళ్ళి నేర్చుకున్నాడు. సైటులో ఆయన మాటంటే అందరికీ గౌరవం. విమానమంతటా చిల్లులు పొడిచాడు. సీటుకి, పెడళ్ళకి, ముందువైపు బ్రాకెట్లన్నింటికీ. "జల్లెడకి రెక్కలొచ్చాయి" అని సభ్యులు మురిసిపోయేవారు.

ఎగరబోయే ఆదివారం ప్రకటించాడు. ఆ వారం మొదట్లోనే కాటా ఫోటో పెట్టాడు. షెడ్డులోనే తూచానని రాశాడు. ఫోటోలో పైలట్ సీట్లో మాస్టారు లేడు. ఆయన స్థానంలో మూడు బియ్యం బస్తాలున్నాయి. పాతిక కిలోల బస్తాలు. వాటికి బెల్టు కట్టి ఉంది.

సైటు అదిరిపోయింది.

"మాస్టారు ఒంటరిగా ఎగరనిస్తున్నది ఏ రకం బియ్యాన్ని?"

"పాతబియ్యమైతే కాస్త అనుభవం ఉంటుంది."

"హెల్మెట్టు పెట్టలేదేం?"

నేను నవ్వలేదు. ఆయన పాత ఫోటోలన్నీ వరసగా తీసి చూశాను. మొదటి ఏడాది ఫోటోల్లో మాస్టారు విమానం ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. మధ్యలో విమానం పక్కన నిలబడ్డాడు. చివరి రెండేళ్ళూ ఎప్పుడు చూసినా రెక్క వెనకే. తలకాయ, ఊపుతున్న చెయ్యి, అంతే కనిపిస్తున్నాయి.

ఫోన్ చేశాను.

"మాస్టారూ, సీట్లో మీరు కూర్చోలేదేం?"

"బస్తాలైతే కదలవండీ. మనిషి ఊపిరి పీలుస్తాడు, కాటా అంకె నిలబడదు."

"ఎగిరేటప్పుడు ఊపిరి పీల్చరా?"

కొంచెంసేపు ఆయన నిజంగానే పీల్చలేదు.

"నా బరువు డెబ్భై ఐదు రాజాగారూ. మొదటిరోజే సైటులో రాశాను, చూసుకోండి."

"ఆ రోజు మీ మీసం నల్లగా ఉండేది."

"మీసానికీ బరువుకీ సంబంధం లేదు. నేను ఫిజిక్సు చెప్పేవాణ్ణి."

ఆ డెబ్భై ఐదు అనే అంకె ఆయన విమానంలో అన్నింటికన్నా పాత భాగం. మిగతావన్నీ విప్పి, మార్చి, మళ్ళీ బిగించాడు. దాన్ని మాత్రం ముట్టుకోలేదు.

"కాటా ఎక్కకపోతే గుర్తు పెట్టను," అన్నాను.

"పెట్టకపోతే పెట్టకండి. ఆదివారం ఎగురుతా," అని ఫోన్ పెట్టేశాడు.

అటక మీద

సంగతి మస్తాన్‌గారికి తెలిసింది. నిచ్చెనెక్కి పైకి వచ్చారు.

"ఆయన మన మొదటి కస్టమరండీ. ఆ విమానంలో సగం నా షాపే. ఆ గుర్తేదో పెట్టెయ్యండి, పెద్దాయన సంతోషిస్తాడు."

"కాటా ఎక్కకుండా పెట్టను."

"నేను చెప్తున్నాగా."

నేను లేచి నిలబడ్డాను. మా అటక ఎత్తు తక్కువ. నిటారుగా నిలబడితే తల పైరేకుకి తగులుతుంది. తగిలింది. గోడౌనంతా గంట కొట్టినట్టు మోగింది.

"తగిలిందా?" అన్నారు మస్తాన్‌గారు.

"తగిలింది."

"కూర్చోండి మరి."

"కూర్చోను. జీతం మీది. గుర్తు నాది. ఆయన తోక బరువుతో లేస్తే మళ్ళీ దిగడు. ఆ తరవాత మీ రేకులు ఎవరూ కొనరని నేను అనడం లేదు. ఆయన ఉండడు అంటున్నాను."

ఆయన కిందకి తొంగిచూశారు. రేకు కోస్తున్న చప్పుడు ఆగింది.

"సరేనండీ. గుర్తు మీ ఇష్టం. మాస్టార్ని ఎక్కించే ఉపాయం చూడండి. ఇప్పుడైనా కూర్చోండి, కింద గిరాకీలు చూస్తున్నారు."

యజమానుల గురించి నా అభిప్రాయం ఇది. మంచి యజమాని అంటే తప్పు చెప్పనివాడు కాదు. మీరు నిలబడినప్పుడు, ఎందుకు నిలబడ్డారని ఒక్క క్షణం ఆలోచించేవాడు. అలాంటివాడు దొరికితే తలకి తగిలినా ఫరవాలేదు.

ఉపాయం నాది కాదు, మాస్టారి భార్య సరోజినిగారిది. నేను ఫోన్ చేసేసరికే ఆవిడ సైటులో బస్తాల ఫోటో చూసేశారు.

"అన్నయ్యగారూ, ఈయన బరువెంతో నాకూ తెలీదు. తూచే మిషను రెండేళ్ళ కిందట అటకెక్కించేశాడు. ఒక్కటి చెప్పండి. ఆ లెక్క తప్పితే ఏమవుతుంది?"

చెప్పాను. దాచకుండా చెప్పాను.

"షెడ్డు చాలదని పని అయ్యాక రెక్కలు విప్పి మా హాల్లో పెడుతుంటాడు. రెండేళ్ళయింది సోఫా అమ్మేసి. తాళంచెవి నా దగ్గరుంది. కాటా ఎక్కితేనే రెక్కలు."

మిల్లులో

కంకిపాడు దగ్గర మా సభ్యుడు ప్రసాదుగారికి రైసుమిల్లు ఉంది. మంచి కాటాలు, చదునైన సిమెంటు నేల. ఆదివారానికి ముందురోజు పొద్దున విమానాన్ని రెక్కల్లేకుండా ట్రాక్టరు ట్రాలీ మీద ఎక్కించి, మంగళగిరి నుంచి వారధి మీదుగా తెచ్చారు. నేను ట్రాలీలోనే, మాస్టారి పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నాను. దారిలో ట్రాఫిక్ కానిస్టేబుల్ ఆపాడు.

"ఏంటిది?"

"విమానం," అన్నాడు మాస్టారు.

"రెక్కలేవి?"

"వెనక మా ఆవిడ దగ్గరున్నాయి."

కానిస్టేబుల్ వెనక వస్తున్న రెండో ట్రాలీలో, రెక్కల పక్కన కూర్చున్న సరోజినిగారిని చూశాడు. "అందరివీ అక్కడే ఉంటాయి లెండి, పోనివ్వండి," అన్నాడు.

మిల్లులో రెక్కలు తగిలించి, విమానాన్ని మూడు కాటాల మీదికి ఎక్కించారు. ఖాళీ బరువు తూచారు. మస్తాన్‌గారు కూడా వచ్చారు. బస్తాలు మోసేవాళ్ళు, లారీ డ్రైవర్లు, పక్క టీకొట్టువాళ్ళు చుట్టూ చేరారు. అంతమందిని చూసి మాస్టారు కాళ్ళు నేలకి అతుక్కుపోయాయి.

"ఇంతమంది ముందు నేనెక్కను. నేనేమన్నా ధాన్యాన్నా?"

"మాస్టారూ, ఆచారం," అన్నాను.

"ఆచారం, ఆచారం! ఊరికే పక్కన నిలబడి కర్ర ఊపడం కాదు. మీరెక్కండి ముందు. అప్పుడు నేనెక్కుతా."

అందరూ నావైపు తిరిగారు.

ఇక్కడ కొంచెం మా ఇంటి సంగతి చెప్పాలి. మా తాతగారిని ఏటా పుట్టినరోజున బెల్లంతో తులాభారం తూచేవారు. ఆ బెల్లం రైతులకి పంచేవారు. జమీ పోయాక మా ఇంట్లో ఎవరూ త్రాసు ఎక్కలేదు. ఎదర పళ్ళెంలో పెట్టడానికి ఏమీ లేనప్పుడు ఎక్కడం దేనికని మా నాన్నగారి ఉద్దేశం. ఆస్పత్రిలో తూస్తామన్నా నేను "ఇంట్లో చూసుకున్నాను" అనేవాణ్ణి. అలాంటిది, మిల్లు హమాలీల ముందు, బియ్యం తూచే కాటా.

కానీ మాస్టారి మొహం చూశాను. ఆయన వేళాకోళం ఆడటం లేదు. భయపడుతున్నాడు. ఆకాశం అంటే లేని భయం అంకె అంటే ఉంది.

పంచె సర్దుకుని ఎక్కాను. ఇద్దరు చేయూతనిచ్చారు. పైలట్ సీట్లో కర్ర మోకాళ్ళ మధ్య పెట్టుకుని కూర్చున్నాను.

"కర్ర ఇలా ఇవ్వండి రాజాగారూ," అన్నాడు ప్రసాదుగారు.

"కర్రతోనే తూచండి."

ఆయన మూడు అంకెలూ కూడి, ఖాళీ బరువు తీసేసి, మళ్ళీ ఒకసారి చూసుకుని, సందేహంగా అన్నాడు. "యాభై ఒకటి."

ఒక హమాలీ గట్టిగా లెక్కగట్టాడు. "రెండు బస్తాలూ, గుప్పెడు నూకలూ!"

"అందులో నూకలు కర్రవి," అన్నారు మస్తాన్‌గారు.

అందరూ నవ్వారు. లారీ డ్రైవర్లు లారీలకి ఆనుకుని నవ్వారు. నేను నడుము వంచకుండా, ఎదురుగా చూస్తూ కూర్చున్నాను. వాళ్ళు నవ్వడం ఆపేదాకా కూర్చున్నాను. అందరికన్నా ఎక్కువ నవ్వింది మాస్టారు. కళ్ళ నీళ్ళు తుడుచుకుంటూ, "దిగండి, దిగండి. ఇంత చిన్న జమీ అని తెలీక ఇన్నేళ్ళు భయపడ్డా," అంటూ వచ్చి, నన్ను దింపి, ఆ ఊపులోనే సీట్లో కూర్చుండిపోయాడు.

కాటా అంకెలు గిర్రున తిరిగి నిలబడ్డాయి.

"తొంభై ఎనిమిది," అన్నాడు ప్రసాదుగారు.

ఈసారి ఎవరూ నవ్వలేదు. ఆయన ఫోనులో లెక్క వేస్తున్నాడు. వేసి, చెరిపి, మళ్ళీ వేశాడు. నేనూ వేశాను. ఇద్దరికీ ఒకటే వచ్చింది. ఇంజను ఆ బరువు మోయగలదు. చిక్కు బరువు ఎక్కడుందన్నది. ఆ విమానంలో సీటు కేంద్రానికి వెనక ఉంటుంది. పెరిగిన ప్రతి కిలో తోక వైపే వెళ్ళింది. పైగా ముందువైపు బ్రాకెట్లన్నింటికీ చిల్లులు పొడిచి, బరువు కావలసిన చోటే తగ్గించుకున్నాడు. కేంద్రం హద్దు దాటి ఎంతో వెనక్కి పోయింది.

ఫోను మాస్టారి చేతికిచ్చాం. ఆయన ఫిజిక్సు మనిషి. మాకన్నా ముందు అర్థమైంది.

"రేపు ఎగిరుంటే..." అన్నాడు.

"పూర్తి చెయ్యండి," అన్నారు సరోజినిగారు.

ఆయన ఫోను ప్రసాదుగారి చేతికి తిరిగి ఇచ్చేశాడు. ఆవిడ రెక్క మీద ఒక చెయ్యి వేసి, తీయకుండా నిలబడ్డారు. కాసేపటికి, "నా వంట మీదికి మాత్రం నెట్టకండి. షెడ్డుకి ఒక్క క్యారియరే పంపాను. పక్కన మిర్చిబజ్జీల బండి ఉందని మీరెవరూ నాకు చెప్పలేదు," అన్నారు.

ఇనప పలక

ఆదివారం ఎవరూ ఎగరలేదు. సైటులో నేను మాస్టారి అంకె రాయలేదు. నా అంకె రాశాను. కింద ఆయనే తన అంకె రాశాడు. ఆ తరవాత జరిగింది నేను ఊహించలేదు. సభ్యులు ఒక్కొక్కరే మిల్లుకో, ఊళ్ళో ఏదో కాటాకో వెళ్ళి తూచుకుని, సొంత బరువులు రాయడం మొదలుపెట్టారు. పాత అంకెలతో పోలిస్తే మా సైటు మొత్తం ఒక చిన్న లారీ అంత పెరిగిందని ఒకడు లెక్కగట్టాడు. ముగ్గురు తమ లెక్కలు మార్చుకున్నారు. కట్టని, ఎగరని సభ్యులు కూడా తూచుకున్నారు. వాళ్ళకి అవసరం లేదు. అయినా ఆనందించాం.

మాస్టారు సీటు వెనకున్న బ్యాటరీని ముందుకి, ఇంజను పక్కకి మార్చాడు. సామాను పెట్టుకునే అర తీసేశాడు. అదీ చాలలేదు. ముక్కులో ఇనప పలక బిగించక తప్పదని లెక్క తేలింది. అన్నేళ్ళు చిల్లులు పొడిచిన మనిషి మస్తాన్‌గారి షాపుకి వచ్చి ఇనుము అడుగుతుంటే నేను అటక మీదనుంచి చూశాను.

"ఎంత మందం కావాలి మాస్టారూ? చిల్లులున్నదా, లేనిదా?" అన్నారు మస్తాన్‌గారు.

"లేనిది," అన్నాడు ఆయన, తల దించుకుని.

బజ్జీల బండి కూడా మానేశాడు. పలక సైజు తగ్గాలంటే తను తగ్గాలి కదా. మళ్ళీ మిల్లుకి వచ్చి కాటా ఎక్కాడు. ఈసారి ఎవరూ అడగకుండా, తనే అంకె గట్టిగా చదివాడు. కేంద్రం హద్దులోకి వచ్చింది. "సిద్ధం" అని గుర్తు పెట్టాను. నా ఉద్యోగంలో అంత నెమ్మదిగా ఇంకే మీటా నొక్కలేదు.

రన్‌వే దగ్గర

అనుమతి దొరికిన ఒక పాత రన్‌వేకి అందరం పొద్దున్నే వెళ్ళాం. సభ్యులంతా వచ్చారు, అగ్నిమాపక సిలిండర్లు పట్టుకుని రెండువైపులా నిలబడ్డారు. మాస్టారు ఇంజను స్టార్టు చేసి చివరిదాకా తీసుకెళ్ళి ఇటు తిరిగాడు.

సరోజినిగారు రన్‌వేకి వీపు పెట్టి నిలబడ్డారు. కొంగు తలమీదుగా లాక్కుని, చేతుల్లో మూత బిగించిన క్యారియరు పట్టుకున్నారు.

"నేను చూళ్ళేను అన్నయ్యగారూ. మీరు చూసి చెప్పండి. ఒక్కటి కూడా వదలకుండా చెప్పండి."

అన్నేళ్ళూ ఇంకొకరి మాటలు కత్తిరించడం నా పని. చూసింది చూసినట్టు చెప్పడం అప్పుడు మొదటిసారి.

"విమానము వేగము పుంజుకొనుచున్నదమ్మా."

"మామూలుగా చెప్పండి."

"పరిగెత్తిస్తున్నారు. ముందు చక్రం లేచింది. తోక బాగానే ఉంది. లేచారు."

"ఎంత ఎత్తు?"

"కొబ్బరిచెట్టంత. ఇప్పుడు రెండు చెట్లంత. ముక్కు నిలకడగా ఉంది. కుడివైపు తిరుగుతున్నారు."

"చిన్నగా కనిపిస్తున్నాడా?"

"కనిపిస్తున్నారు."

"ఇంజను చప్పుడు వినపడటం లేదేం?"

"దూరం వెళ్ళారమ్మా. అదిగో, మళ్ళీ ఇటు వస్తున్నారు."

ఆవిడ వీపు నాకు కనిపిస్తోంది. క్యారియరు గిన్నెలు ఒకదానికొకటి తగిలి టకటకమంటున్నాయి. మస్తాన్‌గారు పెదవులు కదుపుతూ ఏదో చదువుకుంటున్నారు. నేను మాట ఆపకూడదని మాత్రం తెలుసు, అందుకని ఆపలేదు. కొబ్బరిచెట్టు ఎత్తుకి వచ్చారన్నాను. కాలవగట్టు దాటారన్నాను. ముక్కు కొంచెం ఎత్తారు, అలాగే ఎత్తాలి, భయపడకండి అన్నాను. ఒక చక్రం ఆనింది, లేచింది, రెండూ ఆనాయి, మూడూ ఆనాయి అన్నాను.

"నేలమీదున్నాడా?"

"ఉన్నారు."

"ఆగాడా?"

"ఆగారమ్మా. పంకా కూడా ఆగింది. చెయ్యి ఊపుతున్నారు."

సభ్యులు సిలిండర్లు కింద పడేసి విమానం వైపు పరిగెత్తారు. సరోజినిగారు అప్పుడు మెల్లగా వెనక్కి తిరిగారు. నేలమీద నిలబడి ఉన్న విమానాన్ని, అందులోంచి బయటికి కాలు పెట్టబోతున్న మనిషిని చూశారు. చాలాసేపు చూశారు. క్యారియరు నా చేతిలో పెట్టారు.

"నేను చూళ్ళేదుగా," అన్నారు. "ఇంకోసారి ఎగరమని చెప్పండి."

నేను రన్‌వే మీద పరిగెత్తాను. మా వంశంలో ఎవరైనా పరిగెత్తడం అదే మొదలు.